గురువారం ఇస్తానన్న చక్రం

గిరింపేటలో నా అంగడికి తలుపు లేదు,
గోనెపట్టా ఉంది.
దాని వెనక మేకుకు
పద్దెనిమిదేండ్లుగా రెండు ముందుచక్రాలు.

ఒకటి పోస్టు దొరస్వామిది, ఇరవై ఎనిమిది.
గుంతలో పడి రిమ్ము నొక్కుకుపోతే
వంకర తీయమని ఇచ్చిపోయినాడు.
గురువారం రా అన్నాను.
ఎన్ని గురువారాలు పోయినాయో
నాకూ తెలీదు, ఆ మేకుకూ తెలీదు.

రెండోది హేమలతది, లేడీస్ సైకిలు, ఇరవై ఆరు.
కమ్మీలకు పచ్చా ఎర్రా పూసలు తగిలించుకునింది ఆ పాప.
వాళ్ళ నాయనకు బదిలీ అయిందంట,
సైకిలు ఎట్ల పోయిందో, చక్రం నా కాడ మిగిలింది.

పాత ఇనుమోడు తూకం రాయి చూపించి అడిగినాడు.
"అవి నావి కావప్పా" అన్నాను.

కుప్పమ్మ వచ్చింది ఒకనాడు.
ఉడకేసిన చెనిక్కాయల గంప దించి,
మెడ తిరక్క
మనిషి మొత్తం తిరిగి మాట్లాడింది.
సంతపేట నుంచి బస్టాండు దాకా
నీళ్ళు కారే గంప, నెత్తి మీదే.
"చిన్న బండి చెయ్యాలంటే ఎంతవుతుంది మొగిలప్పా?"
నేను ధర చెప్పలేదు.
మేకు దిక్కు చూసినా.

పలకలు మామిడికాయల పెట్టెలవి,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ పారేసినవి.
చెదలు పట్టనివి ఏరితే పదకొండు దొరికినాయి.
తోతాపురి వాసన ఇంకా వదల్లేదేమో,
రంపం పెడితే చీమలొచ్చినాయి.
చట్టానికి మా పాత మంచం పట్టెలు.
ఆ రాత్రి నుంచి నేను చాప మీద.

సైకిల్ చక్రం ఒంటి చేతికి నిలబడదు.
ఇరుసును రెండు పక్కలా పట్టుకోవాల,
తాగినోణ్ణి ఇంటికి తెచ్చినట్టు.
అందుకే ఒక్కో చక్రానికి అటొక పట్టె, ఇటొక పట్టె,
నాలుగు ఇనప రేకులు, నాలుగు గాళ్ళు.
ఇరవై ఎనిమిదికీ ఇరవై ఆరుకీ
ఇరుసు కాడ అంగుళం తేడా.
మొదటిసారి లెక్క తిరగేసి కోసినా.
బండి కుడికి ఒరిగి
దర్గా తట్టు సలాం కొట్టింది.
మేకులు పీకి, చిన్న చక్రం పక్క
గాడి కిందికి దించినా.
పలక మీద గోళీ పెడితే
కాసేపు ఆలోచించుకొని
నిలబడింది.

ఆనక దొరస్వామి రిమ్ము పట్టుకున్నా.
ఒక కమ్మీ బిగించి, ఎదురుది వదిలి,
మళ్ళీ తిప్పి, మళ్ళీ చూసి.
ఒక టీ చల్లారేంత సేపు.
అంతే పని.
సిగ్గేసింది.

బండి బోర్లించి అడుగున తారుతో రాసినా:
ఎడమ, దొరస్వామి, పోస్టాఫీసు.
కుడి, హేమలత, తొమ్మిది బి.
"ఇదేంది?" అంది కుప్పమ్మ.
"వాళ్ళొచ్చి అడిగితే ఊడదీసి ఇయ్యాల.
సరేనంటేనే బండి."
తల ఊపలేక
నోటితోనే ఊఁ అంది.

నాలుగు నెలలైంది.
పూసలు గలగలమంటే
పిలకాయలు చిల్లర తీసుకొని బయటికొస్తారు.
ఆమె కేకేయడం మానేసింది.
మెడ ఇప్పుడు ఎడమకు తిరగతాది,
కుడికి ఇంకా లేదు.

నిన్న బస్టాండులో ఒక ముసలాయన
చెనిక్కాయలు అడక్కుండా
చక్రం పక్కన గొంతుక్కూచున్నాడంట.
రిమ్ము మీద నొక్కును బొటనవేలితో తడిమినాడంట.
ఈమె భయపడి బండి బోర్లించింది,
పావు గంప కాయలు నేలపాలు.
ఆయన తన పేరు తానే చదువుకున్నాడు.

ఇద్దరూ తోసుకుంటా అంగడికొచ్చినారు.
నేను స్పానరు తీసినా. మాట మాటే.
"ఆ బుధవారమే రిటైరైనానప్పా," అన్నాడు,
"తెల్లారి లేస్తే
చక్రంతో పోవాల్సిన చోటు ఏదీ కనపడలేదు."
బండి ఒక పక్క ఎత్తి, వేలితో తిప్పి,
ఒంటి కన్ను మూసి చూసినాడు
వంకరేమైనా మిగిలిందా అని.
చాలాసేపు తిరిగింది.

పన్నెండు రూపాయలు లెక్కబెట్టి బల్ల మీద పెట్టినాడు,
ఆ పొద్దు ఒప్పుకున్న కూలి.
"స్పానరు లోపల పెట్టు" అన్నాడు.

పోతా పోతా గోనెపట్టా ఎత్తి పట్టుకొని
వెనక్కి తిరిగి అడిగినాడు:
"ఇంతకీ ఈ పొద్దు గురువారమేనా?"

క్యాలెండరు చూసినా.
శనివారం.